“గణనీయమైన భాగం” అంటే ఎంత?

మొన్న ఆదివారం మా పెద్దమ్మ కొడుకు ఫైలు పట్టుకుని ఎం.వి.పి. కాలనీలో మా ఇంటికి వచ్చాడు. ఇద్దరు స్నేహితులతో కలిసి రొయ్యల రవాణా మొదలుపెడుతున్నాడు. చెరువు గట్టు మీద సరుకు ఎత్తుకుని, ఐసు వేసి, రాత్రికి రాత్రి ప్రాసెసింగ్ ప్లాంటుకు చేర్చే పని. చల్లదనం పోకుండా పఫ్ బాక్సు కట్టిన మూడు వ్యాన్లు, ఒక చిన్న కోల్డ్ రూము, క్రేట్లు, కాటా. ముగ్గురూ తలా కొంత పెట్టారు. అన్నయ్య వాటా కోసం వదిన నగలు బ్యాంకులో ఉన్నాయి. నేను పదిహేడేళ్లుగా ఆడిటరు ఆఫీసులో పని చేస్తున్నాను కాబట్టి మా చుట్టాల్లో ఎవరు ఏ అగ్రిమెంటు రాసుకున్నా నాకు ఒకసారి చూపిస్తారు.

తొమ్మిది పేజీల కాగితం. పేర్లు, వాటాలు, బ్యాంకు ఖాతాకు ఎవరెవరు సంతకం పెట్టాలి, అన్నీ బాగానే ఉన్నాయి. పదకొండో క్లాజు దగ్గర ఆగిపోయాను. “వ్యాపారపు ఆస్తులలో గణనీయమైన భాగమును మిగిలిన భాగస్వాముల లిఖితపూర్వక సమ్మతి లేకుండా ఏ భాగస్వామియు విక్రయించరాదు.”

“గణనీయమైన అంటే ఎంత అన్నయ్యా?” అన్నాను.

“అదేటమ్మా, పెద్ద భాగం. అందరికీ తెలిసిందే కదా.”

ఆ మాట విన్నాక రెండు రోజులు నిద్ర పట్టలేదు. సరిగ్గా అదే మాట పద్నాలుగేళ్ల కిందట మా ఇంట్లో విన్నాను. గణనీయం అన్న మాటలోనే గణన ఉంది. లెక్కపెట్టదగినది అని దాని అర్థం. మనం మాత్రం లెక్కపెట్టడం ఇష్టం లేని చోటల్లా ఆ మాట వేసి ముందుకు పోతున్నాం.

రోలింగ్ మిషన్

1998లో మా నాన్న, మరో ఇద్దరు కలిసి గాజువాక ఆటోనగర్‌లో షెడ్డు అద్దెకు తీసుకుని ఫ్యాబ్రికేషన్ పని మొదలుపెట్టారు. ట్యాంకులు, డక్టులు, పొగగొట్టాల ముక్కలు చేసేవారు. వెల్డింగ్ సెట్లు, గ్యాస్ కటింగ్ సామాను ఆ వరసలో ప్రతి షెడ్డులోనూ ఉండేవి. వీళ్ల దగ్గర మాత్రమే ఉన్నది ఒక ప్లేట్ రోలింగ్ మిషన్. మందపాటి ఇనుప ప్లేటును మూడు రోలర్ల మధ్య నుంచి పంపి గుండ్రంగా వంచుతుంది. తొమ్మిది లక్షలు పెట్టి కొన్నారు. సెలవుల్లో నాన్నకు క్యారేజీ తీసుకెళ్లినప్పుడు ప్లేటు మెల్లగా ఒంగుతూ గుండ్రం తిరగడం చూస్తూ నిలబడిపోయేదాన్ని. పక్క షెడ్లవాళ్లు కూడా తమ ప్లేట్లు తెచ్చి రోలింగుకు ఇచ్చి వెళ్లేవారు.

2011 సెప్టెంబరులో మా మేనత్త పోతే నాన్న పాలకొండ వెళ్లి పది రోజులుండి వచ్చారు. వచ్చేసరికి మిషన్ లేదు. నేలలో ఫౌండేషన్ బోల్టులు మాత్రం పైకి తేలి ఉన్నాయి. భాగస్వాముల్లో ఒకాయన, మేం మావయ్య అని పిలిచే ఆయన, నాలుగు లక్షల అరవై వేలకు అమ్మేశారు. డబ్బు ఆయన జేబులో వేసుకోలేదు, సంస్థ ఖాతాలోనే జమ చేశారు. అందుకే దాన్ని దొంగతనం అనడానికి లేదు. మిషన్ పాతదైపోయింది, రిపేర్లకే సగం పోతోంది, మంచి ధర వచ్చింది, ఆలస్యం చేస్తే పోతుందని అమ్మాను అన్నారు. ఆయన నిజంగానే అలా అనుకుని ఉండవచ్చు. ఇప్పటికీ ఆయన దురుద్దేశంతో చేశారని నేను అనను.

వాళ్ల అగ్రిమెంటులోనూ ఇదే క్లాజు ఉంది. “గణనీయమైన భాగం” అమ్మాలంటే అందరూ సంతకం పెట్టాలి. నాన్న ఆ కాగితం తీశారు. మావయ్య బ్యాలెన్స్ షీటు తీశారు. ఏటా పాతబడిన మేరకు తరుగుదల తీసేయగా 2011 మార్చి నాటికి పుస్తకాల్లో ఆ మిషన్ విలువ సుమారు నలభై అయిదు వేలు. ఆదాయపు పన్ను లెక్కల్లో యంత్రాలకు అప్పట్లో ఏడాదికి 25 శాతం, 2005 ఏప్రిల్ నుంచి 15 శాతం తరుగుదల. పదమూడేళ్లు అలా తీసేస్తూ పోతే తొమ్మిది లక్షల్లో మిగిలేది అంతే. రావలసిన బాకీలు, సరుకు, డిపాజిట్లు అన్నీ కలిపి సంస్థ మొత్తం ఆస్తి ఇరవై మూడు లక్షలు. “రెండు శాతం కూడా లేదు. ఇది గణనీయం ఎలా అవుతుంది బావగారూ?” అన్నారు.

ఆ తరుగుదల షెడ్యూలు టైపు చేసింది నేనే. ఆఫీసులో చేరి అప్పటికి మూడేళ్లు. అంకెల్లో తప్పు లేదు. అదే రాత్రి కూర్చుని ఆ ఏడాది బిల్లులన్నీ లెక్క వేశాను. మూడింట రెండు వంతుల ఆదాయం రోలింగుతో ముడిపడిన పనులదే. ఆస్తిలో రెండు శాతం, తిండిలో అరవై ఆరు శాతం. రెండు అంకెలూ నిజమే. అగ్రిమెంటు ఏ అంకె చూడాలో చెప్పలేదు.

వకీలు దగ్గరకు వెళ్లాం. ఆయన చాలా ఓపిగ్గా వివరించారు. 1932 భాగస్వామ్య చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఒక భాగస్వామి తనంతట తాను సంస్థ స్థిరాస్తిని బదిలీ చేయలేడు. యంత్రం సంగతి ఆ సెక్షన్‌లో లేదు. నేలకు బోల్టులు వేసి బిగించాం కదా, అది స్థిరాస్తి కాదా అని అడిగాను. కుదుపు లేకుండా నడవడానికి కాంక్రీటు మీద బిగించినంత మాత్రాన యంత్రం స్థిరాస్తి అయిపోదని సిర్పూరు పేపరు మిల్లు ఎక్సైజు కేసులో సుప్రీంకోర్టు 1990ల చివర్లోనే చెప్పిందని అన్నారు. అంటే నాన్నకు మిగిలిన రక్షణ ఆ ఎనిమిది అక్షరాలే, “గణనీయమైన భాగం” అన్న రెండు మాటలే. కేసు వేస్తే గెలవొచ్చు, ఎన్నేళ్లు పడుతుందో మాత్రం అడగొద్దన్నారు.

కేసు వేయలేదు. పెద్దమనుషులు కూర్చుని డబ్బు మూడు వాటాలు చేశారు. నాన్నకు లక్షా యాభై మూడు వేలు వచ్చాయి. కొత్త మిషన్‌కు అది ఏ మూలకూ రాదు. రెండేళ్లు వెల్డింగు, కటింగు పనులతో నెట్టుకొచ్చి 2013లో షెడ్డు ఖాళీ చేశారు. మరుసటి ఏడు హుద్‌హుద్ తుఫానులో ఆ షెడ్డు రేకులు కూడా ఎగిరిపోయాయని విని నాన్న ఏమీ అనలేదు.

అప్పటి నుంచి నా అభిప్రాయం ఒకటే. ఒప్పందంలో అస్పష్టంగా వదిలేసిన మాట అందరికీ సమానంగా అస్పష్టంగా ఉండదు. ముందుగా పని చేసేసినవాడికి అది అనుమతి పత్రం. తరవాత తెలుసుకున్నవాడు వకీలును వెతుక్కోవాలి, ఫీజు కట్టాలి, రుజువు తేవాలి. అంతా మంచివాళ్లే అయినా ఇది ఇలాగే జరుగుతుంది. కాబట్టి ఆ మాట వాడినచోట దాని కొలత కూడా రాయడం మర్యాద అని, రాయకపోవడం బలహీనుడికి అన్యాయమని నమ్ముతున్నాను.

అంకె వేస్తే సరిపోతుందా?

చట్టం కూడా ఈ దారిలోనే నడిచింది. 1956 కంపెనీల చట్టం 293వ సెక్షన్‌లో, సంస్థను పూర్తిగా గానీ “దాదాపు పూర్తిగా” గానీ అమ్మాలంటే వాటాదారుల అనుమతి కావాలని ఉండేది. దాదాపు అంటే ఎంతో చెప్పలేదు. 2013 చట్టం 180వ సెక్షన్ అక్కడ అంకె వేసింది. కంపెనీ నికర విలువలో, అంటే అప్పులు పోను మిగిలే దానిలో, 20 శాతానికి మించి పెట్టుబడి ఉన్నది, లేదా మొత్తం ఆదాయంలో 20 శాతం తెచ్చేది ‘అండర్‌టేకింగ్’. దాని విలువలో 20 శాతం గానీ అంతకు మించి గానీ అమ్మితే అది “దాదాపు పూర్తిగా” కిందికి వస్తుంది. అప్పుడు బోర్డు ఒక్కటే తీర్మానిస్తే చాలదు, వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి. ఆస్తితో పాటు ఆదాయాన్ని కూడా కొలతగా పెట్టడం నాకు చాలా నచ్చిన విషయం. నాన్నవాళ్ల కాగితంలో ఆ ఆదాయం అన్న ఒక్క మాట ఉంటే చాలు, కథ వేరేలా ఉండేది.

అయితే ఎంత అమ్మారన్న ఆ ఆఖరి 20 శాతాన్ని చూసేది ఆడిట్ అయిన బ్యాలెన్స్ షీటు విలువ మీదనే. అంటే నలభై అయిదు వేల మిషన్ సమస్య అక్కడా ఉంది. పైగా 2015 జూన్‌లో ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలను ఈ సెక్షన్ నుంచి మినహాయించింది. భాగస్వామ్య సంస్థలకు ఇది ఎలాగూ వర్తించదు. మన వీధుల్లో, ఆటోనగర్‌లో, ఫిషింగ్ హార్బరు చుట్టూ నడిచే వ్యాపారాల్లో ఎక్కువ భాగం ఈ రెండు రకాలే. వాళ్లకు అగ్రిమెంటులో ఏం రాసుకుంటే అదే దిక్కు.

అమెరికాలో డెలవేర్ రాష్ట్రపు కోర్టుల తీర్పులు కొన్ని చదివాను. అక్కడి కంపెనీల చట్టంలోనూ “మొత్తం లేదా దాదాపు మొత్తం ఆస్తులు” అనే ఉంది, అంకె లేదు. 1974లో సిగ్నల్ అనే కంపెనీ తన చమురు వ్యాపారాన్ని అమ్మింది. అది మొత్తం ఆస్తుల్లో 26 శాతం, నికర విలువలో 41 శాతం, ఆదాయంలో 15 శాతం. ఒకే వ్యాపారానికి మూడు కొలతలు, మూడు అంకెలు. కోర్టు అది దాదాపు మొత్తం కాదంది. 1981లో ప్లాంట్ ఇండస్ట్రీస్ అనే కంపెనీ కెనడాలో ఇనుప డ్రమ్ములు చేసే తన శాఖను అమ్మబోయింది. ఆస్తుల్లో 51 శాతం, అమ్మకాల్లో ఇంచుమించు 45 శాతం. ఇది దాదాపు మొత్తమే అంది కోర్టు. అక్కడ న్యాయమూర్తి అంకెతో ఆగలేదు. ఇన్నేళ్లూ బాగా నడిచిన ఇనుప డ్రమ్ముల పని వదిలి ప్లాస్టిక్ డ్రమ్ములకు మారడమంటే ఆ కంపెనీ స్వరూపమే మారిపోవడం అన్నాడు. ఆ వాక్యం దగ్గర నాకు మా షెడ్డు గుర్తొచ్చింది. రోలింగ్ పోయాక అది కూడా మరో షెడ్డు అయిపోయింది.

ఆ తీర్పులు రెండోసారి చదువుతుంటే నా అభిప్రాయం మీద నాకే అనుమానం వచ్చింది. అంకె లేకపోవడం వల్లనే కదా న్యాయమూర్తి డ్రమ్ముల గురించి అంత లోతుగా ఆలోచించగలిగాడు? యాభై రెండు శాతం అని రాసి ఉంటే 51 దగ్గర ఆ కేసు ముగిసిపోయేది.

గీత పక్కనే నడిచేవాళ్లు

ఇదే మాట మా ఆఫీసుకు వచ్చే ఒక వకీలు గారితో అన్నాను. ఆయన నా వాదనకు పూర్తిగా ఎదురు. “అమ్మా, నువ్వు గీత గీస్తే జనం గీత పక్కనే నడుస్తారు. 15 శాతం అని రాయి, 14.9 అమ్ముతారు. గణనీయం అని వదిలెయ్యి, భయపడి ముందే అడుగుతారు” అన్నారు. ఆయన ఇంకో ఉదాహరణ కూడా చూపించారు. 1872 కాంట్రాక్టు చట్టం 29వ సెక్షన్ ప్రకారం అర్థం తేల్చడానికి వీల్లేని ఒప్పందం చెల్లదు. ఏ నూనో చెప్పకుండా “నూరు టన్నుల నూనె” అమ్ముతానంటే చెల్లదు. కానీ అమ్మేవాడు కొబ్బరి నూనె ఒక్కటే అమ్మే వ్యాపారి అయితే చెల్లుతుంది, అతని వ్యాపారమే ఆ మాటకు అర్థం చెబుతుంది. “అలాగే మీ నాన్నగారి షెడ్డే గణనీయానికి అర్థం చెప్పేది” అన్నారు.

ఈ వాదనలో బలం ఉంది. కాదనను. పెద్ద కంపెనీలు, పెద్ద బ్యాంకులు కావాలనే ఆ మాటను అలా వదిలేస్తాయి. రేపు ఏం జరుగుతుందో తెలియదు, ఇరుపక్షాలకూ జీతమిచ్చి పెట్టుకున్న వకీళ్లు ఉన్నారు, తగువు వస్తే చూసుకుంటారు. వాళ్ల మధ్య అస్పష్టత న్యాయంగానే పని చేయవచ్చు. కానీ భయపడి ముందే అడిగేవాడు ఎవరు? ఎదుటివాడు కోర్టుకు వెళ్లగలడని నమ్మినవాడు. మా నాన్న కోర్టుకు వెళ్లలేరని మావయ్యకు తెలుసు. వ్యాపారమే మాటకు అర్థం చెబుతుంది, నిజమే, కానీ దాన్ని ఎవరికో చెప్పాలి, సాక్షులతో, ఏళ్ల తరబడి.

గీత పక్కన నడిచేవాళ్ల సంగతికి మాత్రం నా దగ్గర జవాబు ఉంది. ముక్కలన్నీ కలిపి లెక్కపెట్టాలని రాయాలి. 1982లో న్యూయార్కులోని ఫెడరల్ అప్పీలు కోర్టు ముందుకు యూవీ ఇండస్ట్రీస్ అనే కంపెనీ బాండ్ల, అంటే అప్పు పత్రాల, తగాదా వచ్చింది. ఆ కంపెనీ మూసేయాలని నిర్ణయించుకుని తన వ్యాపారాలను విడివిడిగా వేర్వేరు వాళ్లకు అమ్మేసింది. ఆఖరున మిగిలింది కొన్న షారన్ స్టీల్, దాదాపు మొత్తం ఆస్తి మాకే వచ్చింది కనుక పాత బాండ్ల బాకీ కూడా ఆ పాత షరతులతో మాకే బదిలీ కావాలంది. కోర్టు ఒప్పుకోలేదు. మూసివేత నిర్ణయం జరిగిన రోజున ఎంత ఆస్తి ఉందో దానితో పోల్చాలి గానీ ఆఖరున మిగిలిన ముక్కతో కాదంది. మన చిన్న అగ్రిమెంటులో ఇది ఒక్క వాక్యం. “పన్నెండు నెలల్లో అమ్మినవన్నీ కలిపి.” మూడు వ్యాన్లలో ఉగాదికి ఒకటి, దసరాకు ఒకటి అమ్మేవాడికి అది చాలు.

ఇంకో అభ్యంతరం ఉంది, వకీలు గారిది కాదు, మన ఇళ్లది. కొలతలు అడిగితే నమ్మకం లేదన్నట్టు చూస్తారు. కలిసి తిన్న మనుషుల మధ్య శాతాలేమిటి అంటారు. నాన్న కూడా 1998లో అడగకపోవడానికి కారణం అదే. బావగారూ బావగారూ అనుకునే చోట అంకె అడగడం ఆయనకు నామోషీ అనిపించింది. తరవాత పదేళ్లకు పైగా ఆ రెండు ఇళ్ల మధ్య రాకపోకలు లేవు. మావయ్యగారి అమ్మాయి పెళ్లికి మేం వెళ్లలేదు. ఆ అమ్మాయీ నేనూ చిన్నప్పుడు ఒకే రిక్షాలో బడికి వెళ్లేవాళ్లం.

ముగ్గురు, మూడు జవాబులు

మంగళవారం సాయంత్రం అన్నయ్యనూ అతని ఇద్దరు భాగస్వాములనూ ఇంటికి రమ్మన్నాను. తలా ఒక తెల్ల కాగితం ఇచ్చి, ఒకరిది ఒకరు చూడకుండా ఒక్క ప్రశ్నకు జవాబు రాయమన్నాను. మీ వ్యాపారంలో ఏది పోతే మర్నాడు పని ఆగిపోతుంది?

అన్నయ్య “పెద్ద వ్యాను” అని రాశాడు. రెండో ఆయన “కోల్డ్ రూము” అని రాశాడు. మూడో ఆయన, వయసులో చిన్నవాడు, “ప్లాంటుతో ఉన్న రేటు అగ్రిమెంటు” అని రాశాడు. ఆ అగ్రిమెంటు అతని ఒక్కడి పేరు మీద ఉందని మిగతా ఇద్దరికీ అప్పుడే తెలిసింది. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత గంటసేపు గట్టిగానే మాట్లాడుకున్నారు. మా అమ్మ రెండుసార్లు టీ పెట్టింది. అందరికీ తెలిసిందే అన్న మాటకు ముగ్గురి దగ్గరా మూడు అర్థాలు ఉన్నాయి. ఆ గంట తగువు వ్యాపారం మొదలవక ముందే జరగడం వాళ్ల అదృష్టం అనుకుంటున్నాను.

రాత్రి కూర్చుని పదకొండో క్లాజు తిరిగి రాశాను. ముందు ఒక షెడ్యూలు, అందులో వస్తువులు పేరు పేరునా. వ్యాన్లయితే రిజిస్ట్రేషన్ నంబరుతో సహా. ఈ జాబితాలో ఉన్నది ఏదైనా, దాని విలువ ఎంతైనా, ముగ్గురి సంతకాలు లేకుండా కదలకూడదు. జాబితాలో లేనివాటికి శాతం. పన్నెండు నెలల్లో అమ్మినవన్నీ కలిపి మొత్తం ఆస్తి విలువలో 15 శాతం దాటితే అనుమతి కావాలి. విలువ అంటే పుస్తకాల్లోది కాదు, ఆ రోజు బజారులో పలికే ధర. తేడా వస్తే ముగ్గురూ ఒప్పుకున్న వాల్యూయరు చెప్పిందే లెక్క. వ్యాపారం మారుతూ ఉంటుంది కాబట్టి ఏటా లెక్కల మీద సంతకాలు పెట్టే రోజునే షెడ్యూలును కూడా మళ్లీ రాసుకోవాలి. ప్లాంటుతో ఉన్న అగ్రిమెంటును సంస్థ పేరు మీదకు మార్చాలని వేరే క్లాజు వేశాను. 15 అన్న అంకెలో మహిమ ఏమీ లేదు. 12 అయినా 25 అయినా ముగ్గురూ కూర్చుని అనుకున్న అంకె కావాలి, అంతే. రేటు అగ్రిమెంటు లాంటివాటికి బజారు ధర ఎలా కడతారన్నది ఇంకా నన్ను వేధిస్తూనే ఉంది. అందుకే దాన్ని శాతంలో కాకుండా జాబితాలో పెట్టాను.

నాన్నకు ఇప్పుడు డెబ్భై నాలుగు. కళ్లకు ఆపరేషన్ అయ్యాక రాత్రిళ్లు చదవరు. ఆ రాత్రి మాత్రం కాగితం తీసుకుని లైటు కిందకు వెళ్లి వేలు పెట్టి ఒక్కో లైనూ చదివారు. షెడ్యూలు దగ్గర చాలాసేపు ఆగారు. పెన్ను అడిగి, కోల్డ్ రూము కింద “జనరేటరు” అని చేర్చారు. కరెంటు పోతే కోల్డ్ రూము ఉండి ఏం లాభం అన్నారు. మళ్లీ మొదటికి వెళ్లారు.

“అమ్మకూడదు అని రాశావు. అద్దెకిచ్చేస్తే?”

నేను పెన్ను తీసుకుని “అమ్మడం, తాకట్టు పెట్టడం, లీజుకు గానీ అద్దెకు గానీ ఇవ్వడం” అని రాశాను. ఆయన తల ఊపి, కాగితం మడిచి నా చేతిలో పెట్టి పడుకోవడానికి వెళ్లిపోయారు.